వినికిడి తెలుగు: పాడ్‌కాస్టు శాస్త్రప్రసంగముల భాష

లండను నగరమునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో క్రిస్మసు ఉపన్యాసములు 1825లో ప్రారంభమైనవి. మైకేల్ ఫారడే పందొమ్మిది పర్యాయములు ఆ వేదికపై నిలిచి బాలబాలికలకు శాస్త్రమును బోధించెను. క్రొవ్వొత్తిని గూర్చి 1860–61లో ఆయన చేసిన ఉపన్యాసములను సంక్షిప్తలిపిలో వ్రాసికొనగా, విలియం క్రూక్స్ వానిని పరిష్కరించి 1861లో పుస్తకముగ వెలువరించెను. ఆ పుస్తకము నేటికిని చదువబడుచున్నది. అయితే నాడు సభలో కూర్చున్నవారికి లభించినది వేఱు, పుస్తకము చదివినవారికి లభించినది వేఱు. సభలోనివారు మంటను కన్నులార చూచిరి. మంట నడుమ నుంచిన గాజుగొట్టము గుండ ఆవిరి వెలికి వచ్చుటను చూచిరి. పాఠకునికి ఆ స్థానమున బొమ్మలు లభించినవి. మంటయు బొమ్మయు రెండును లేక, మాట యొక్కటియే మిగిలినచో ఆ యుపన్యాసము ఎట్లుండవలెను? రేడియోతో పుట్టిన యీ ప్రశ్న పాడ్‌కాస్టుతో మరల ముందునకు వచ్చినది. తెలుగు విషయమున నిది శాస్త్రజ్ఞులు మాత్రమే తేల్చుకొనదగిన ప్రశ్న కాదు.

పాడ్‌కాస్టు అను మాటను 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ ప్రయోగించెను. ఐపాడ్ అను చేతిపరికరము పేరును, ప్రసారమను అర్థము గల బ్రాడ్‌కాస్ట్ అను మాటను అతికింపగా నేర్పడిన పదమిది. మఱుసటి యేడు న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటుకర్తలు దీనిని ఆ సంవత్సరపు పదముగ నెన్నుకొనిరి. ఐపాడ్ తయారీ 2022లో నిలిచిపోయినది గాని దాని పేర పుట్టిన మాట నిలిచియున్నది. పదచరిత్ర నెఱిగినవారికి ఇట్టివి వింత కావు. దీని పనితీరు సులభము. ప్రచురించువారు శబ్దమును రికార్డు చేసి అంతర్జాలమున నొకచోట నుంచి, దాని పేరు, తేదీ, చిరునామాలతో నొక పట్టికను ప్రకటింతురు. శ్రోత ఫోనులోని యాప్ ఆ పట్టికను అప్పుడప్పుడు పరికించుచు, క్రొత్త భాగము చేరినంతనే తెచ్చి యుంచును. ఆర్‌ఎస్‌ఎస్ అను ఈ పట్టికావిధానమున శబ్దమును జతపఱచుటకు డేవ్ వైనర్ 2000 సంవత్సరాంతమున చోటు కల్పించెను. పత్రికకు చందా కట్టినవాని యింటికి సంచిక వచ్చునట్లు, ప్రసంగము శ్రోత చేతికి వచ్చిచేరును. ప్రసారకేంద్రపు అనుమతితో పనిలేదు. పదిహేను నిమిషముల హద్దు లేదు. విన్నచోటనే ఆపి మరల వెనుకకు పోవచ్చును.

శాస్త్రవిషయమున ఈ సౌకర్యమును ముందుగ గుర్తించినవారు రేడియోనుండి వచ్చినవారే. కేంబ్రిడ్జినుండి వెలువడు నేకెడ్ సైంటిస్ట్స్ రేడియోలో పుట్టి పాడ్‌కాస్టుగ వ్యాపించినది. బీబీసీలో 1998లో మొదలైన ఇన్ అవర్ టైమ్ అను చర్చాకార్యక్రమము 2004లో డౌన్‌లోడుగ లభింపసాగినది. కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన విన్సెంట్ రాకనియెల్లో 2008లో దిస్ వీక్ ఇన్ వైరాలజీ అను పేర వైరస్సులను గూర్చిన సంభాషణలను ప్రారంభించెను. అవి గంటకు మించి సాగును. శాస్త్రజ్ఞులు తమలో తాము మాటలాడుకొనునట్లే మాటలాడుదురు. అయినను 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు వైద్యరంగమునకు వెలుపలివారును వానిని ఆశ్రయించిరి. సామాన్యశ్రోత దీర్ఘప్రసంగమును సహింపడను అభిప్రాయమునకు ఇది చక్కని ప్రత్యుత్తరము.

భారతదేశమున ఈ కృషికి పూర్వరంగము ఆకాశవాణియే. సి. వి. రామన్ రేడియోలో చేసిన శాస్త్రప్రసంగములు 1951లో ఆంగ్లమున పుస్తకరూపము దాల్చినవి. ఆయనయే 1968 డిసెంబరు 22న అహమ్మదాబాదునందలి సామూహిక విజ్ఞానకేంద్రమున, ఆకాశము నీలముగ నుండుటకు కారణమేమి యను విషయమును గూర్చి ప్రసంగించెను. ఆ విషయమునకు చిత్రపటము అక్కఱలేదు; శ్రోత తల యెత్తి చూచిన చాలును. తదుపరి 1990ల యారంభమున రాష్ట్రీయ విజ్ఞాన సాంకేతిక సమాచార పరిషత్తు ఆకాశవాణితో కూడి మానవపరిణామమును గూర్చి 144 భాగముల ధారావాహికను పెక్కు భారతీయభాషలలో ప్రసారము చేయించినది. పరిణామసిద్ధాంతము వంటి విషయము అన్ని భాగములపాటు చెవి ద్వారా మాత్రమే సాగుట చిన్న సాహసము కాదు.

తెలుగున శాస్త్రవచనమునకు వ్రాతరూపమున చరిత్ర కలదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు నెలకొల్పిన విజ్ఞానచంద్రికా మండలి మొదలు, నండూరి రామమోహనరావు రచించిన నరావతారము, విశ్వరూపము వఱకును, భాభా అణు పరిశోధనకేంద్రమున పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాదు వ్యాసముల వఱకును ఆ చరిత్రను పుస్తకములనుండి వ్రాయవచ్చును. మాటరూపమునకు అట్టి చరిత్రను వ్రాయుట కష్టము. అచ్చుపడని ప్రసంగము పరిశోధకునికి చిక్కుట అరుదు. పాడ్‌కాస్టువలన ఈ స్థితి మాఱుటకు అవకాశము కలిగినది. కాని అంతకుముందు పరిశీలింపదగినది, ఆ మాట చెవికి సరిగా చేరుచున్నదా యనునది.

సంస్థలకు సులభముగ తోచు మార్గమొకటి కలదు. సభలో జరిగిన బహిరంగోపన్యాసమును రికార్డు చేసి, దృశ్యమును విడిచి, శబ్దమును మాత్రము పాడ్‌కాస్టుగ విడుదల చేయుట ఆ మార్గము. దీని ఫలితము శ్రోతకు వెంటనే తెలియును. “ఇదిగో, ఈ గీత ఇక్కడినుంచి ఇలా పైకి పోతుంది, ఆ మూల చూశారా, అక్కడ ఆగిపోతుంది” అని వక్త చెప్పుచుండును. గీత యేదో, మూల యేదో ఫోనులో వినువానికి తెలియదు. తెలుగున దూరసామీప్యములను తెలుపు ఇది, అది, ఇక్కడ, అక్కడ, ఇట్లు, అట్లు అనునవి నల్లబల్ల యెదుట ప్రాణము గలవి. బల్ల తొలగినంతనే అర్థరహితములగును. పాఠశాలలో పాఠము చెప్పుటకు అలవడిన నాలుకకు ఈ మాటలను మానుట సులభము కాదు. గీతను మాటగ మార్చి “మొదట నెమ్మదిగా పెరుగుతుంది, తర్వాత ఒక్కసారిగా పెరుగుతుంది, చివరికి పెరగడం మానేస్తుంది” అని చెప్పువాడు మాత్రమే శ్రోతకు చిత్రమును చూపగలడు. ఇట్లు చెప్పినప్పుడు పటమున నున్నదానికంటె ఎక్కువ స్పష్టత కలుగుటయు కలదు. ఏలయన గీతను గీయువాడు దాని యర్థమును చెప్పకయే తప్పించుకొనవచ్చును.

పరిభాష విషయము ఇంతకంటె చిక్కైనది. తెలుగు పాఠ్యపుస్తకములలోని శాస్త్రపదములు చాలవఱకు కంటికొఱకు నిర్మింపబడినవి. ద్రవము, ద్రవ్యము, ద్రవ్యరాశి, ద్రావణము, ద్రావణి, ద్రావితము అను ఆఱింటిని కాగితముపై చూచువాడు వానిని వేఱుపఱచుకొనగలడు. అవి యొకే కుటుంబమునకు చెందినవని గ్రహించి సంతసింపనుగలడు. వానినే బస్సులో ప్రయాణించుచు వినువానికి ఒక్క నిమిషములో అన్నియు కలగలిసిపోవును. వడి, వేగము అను జంటయు నిట్టిదే. దిక్కుతో పనిలేని కొలతకు వడి యనియు, దిక్కుతో కూడినదానికి వేగమనియు పాఠ్యపుస్తకములు ఏర్పఱచినవి. లోకవ్యవహారమున వడి అను మాట వడివడిగా అను జంటపదమున తప్ప అంతగా వినబడదు; పెక్కుమంది నోట అది ఒడి అను మాటతో సమానముగ ధ్వనించును. “బండి వడి” అని వినిన శ్రోత ఒక క్షణము తడబడును. ఆ క్షణములో ప్రసంగము రెండు వాక్యములు ముందునకు సాగిపోవును.

అణువు అను మాట కథ భారతీయభాషల నన్నింటిని స్పృశించును. హిందీ, బంగాళీ, కన్నడము, తెలుగు భాషల శాస్త్రగ్రంథములలో మూలకము యొక్క కనీసభాగము పరమాణువు. అట్టివి కలియగా నేర్పడునది అణువు. తమిళము అణు శబ్దమును మొదటి యర్థముననే నిలిపి, రెండవదానికి మూలక్కూఱు అను వేఱు మాటను చేసికొన్నది. మలయాళము రెండవదానికి తన్మాత్ర అను పాత దార్శనికపదమును తెచ్చుకొన్నది. హిందీ పత్రికలు పరమాణు బమ్ అని వ్రాయుటచే అచ్చట పాఠమునకును పత్రికకును పొత్తు కుదిరినది. తెలుగు పత్రికలు అణుబాంబు, అణువిద్యుత్తు అని వ్రాయును. తన్మూలమున తెలుగు శ్రోతకు అణువనగా బాంబులో పగులు వస్తువే తోచును. “నీటి అణువులో మూడు పరమాణువులు ఉంటాయి” అని వక్త చెప్పినచో, పాఠ్యపుస్తకము ననుసరించి ఆయన చెప్పినది నిర్దుష్టము; విన్నవానికి మాత్రము తలక్రిందులుగ వినబడవచ్చును. పుస్తకపాఠకుడు పుట వెనుకకు త్రిప్పి నిర్వచనము చూచుకొనును. శ్రోతకు ఆపి వెనుకకు పోవు సౌకర్యమున్నను, చేతిలో గరిటయో, స్కూటరు పిడియో ఉన్నప్పుడు ఆ సౌకర్యము ఉపయోగపడదు. మొదటనే “బాంబు పేరులో మనం వినే అణువు వేరు, ఇప్పుడు చెప్పబోయే అణువు వేరు” అని యొక్క వాక్యము చేర్చుట యుక్తము.

సంస్కృతపదములను విడిచి దేశ్యపదములను గైకొనిన సరిపోవునని కొందఱు తలంతురు. కరుగు అను క్రియ వారికి జవాబు చెప్పును. ఎండలో మంచుగడ్డ కరుగును. నీళ్లలో ఉప్పు కరుగును. తెలుగున రెండింటికిని ఒకటే మాట. శాస్త్రమునకు ఇవి పూర్తిగ వేఱైన సంఘటనలు. మంచు వేడి పుచ్చుకొని తన రూపము మార్చుకొనును, అచట రెండవ వస్తువుతో పనిలేదు. ఉప్పు నీటిలో విడివడి కలిసిపోవును. ఉప్పును ఒంటరిగ మంచువలె కరగింపవలెనన్నచో 801 డిగ్రీల సెల్సియసు వేడి కావలెను. ద్రవీభవనమని పేరిడినచో భేదము తేలును గాని అర్థము తేలదు. కరుగుట యన్నచో అర్థము తేలును గాని భేదము తేలదు. మంచి వక్త ఈ రెండింటి నడుమ దారి చేసికొనును. “మంచు కరగడం వేడి పని, ఉప్పు కరగడం నీటి పని” అని యొకమాఱు చెప్పి, పిమ్మట “వేడికి కరగడం”, “నీళ్లలో కరగడం” అని రెండు మాటలుగ వాడుకొనును. ఇది ఏ పరిభాషాకోశమునను దొరకదు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ మొదలుగా గల సంస్థలు చేసిన పదనిర్మాణము అచ్చుపుస్తకమునకు అవసరమైనదే. మాటలాడువానికి కావలసినది దానికి తోడుగ నిట్టి జంటప్రయోగములు.

ఏ మాట నిలుచునో ముందుగ నిర్ణయించుటయు కష్టమే. ఆమ్లజని పాఠములలో నిలిచి, 2021 నాటి కోవిడ్ ఉద్ధృతిలో ఊరూర ఆక్సిజను సిలిండరులకై వెదకులాడిన పిమ్మట ఆక్సిజను చేతిలో ఓడిపోయినది. నత్రజని మాత్రము ఓడిపోలేదు. ఎరువుల సలహాలు వినెడి రైతు “నత్రజని, భాస్వరం, పొటాష్” అని యేకబిగిని పలుకును. ఆ మూటిలో నొకటి ఆంగ్లమని ఆయనకు పట్టదు. బొగ్గుపులుసు వాయువు అను పాత మాటను విని నేటి విద్యార్థులు నవ్వుదురు గాని, చెవికి తన యర్థమును తానే చెప్పుకొను పదములలో దానికి సాటి తక్కువ.

వాక్యనిర్మాణము మఱియొక విషయము. తెలుగున విశేషణములన్నియు విశేష్యమునకు ముందు వచ్చును, క్రియ చివర నుండును. కావున శాస్త్రవచనమున ఇట్టి వాక్యములు సహజముగ పుట్టును: “సూర్యునినుండి వెలువడి వాతావరణమునందలి వాయుకణములచే అన్ని దిక్కులకు చెదరగొట్టబడు హ్రస్వతరంగదైర్ఘ్యము గల నీలకాంతివలన ఆకాశము నీలముగ కన్పట్టును.” ఇందు తప్పేమియు లేదు. కాని నీలకాంతి అను మాట వచ్చువఱకు, ముందు వచ్చిన పదములన్నింటిని శ్రోత మోయుచుండవలెను. దేనికొఱకు మోయుచున్నాడో ఆయనకు తెలియదు. దీనినే మాటగ చెప్పినచో నిట్లుండును: “ఆకాశం నీలంగా ఎందుకుంటుంది? సూర్యుడి వెలుతురులో అన్ని రంగులూ ఉన్నాయి. ఆ వెలుతురు గాలిలోంచి మన దగ్గరికి వస్తుంది. వచ్చేటప్పుడు గాలి దాన్ని చెదరగొడుతుంది. అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొట్టదు. ఎరుపును తక్కువ, నీలాన్ని చాలా ఎక్కువ. అందుకే ఏ వైపు చూసినా, ఆ వైపునుంచి చెదిరిన నీలమే కంటికి తగులుతుంది.” మొదటిది ఒక వాక్యము, రెండవది ఏడు. నిడివి పెరిగినది గాని మోత తగ్గినది. సూత్రమును చెప్పవలసివచ్చినచో, చెదరుట తరంగదైర్ఘ్యపు నాల్గవ ఘాతమునకు విలోమానుపాతమున నుండునని చదువుటకంటె, “అల పొడవు రెట్టింపైతే చెదరడం పదహారో వంతుకు పడిపోతుంది” అని చెప్పుట మేలు. సూత్రమందలి సత్యమునకు ఇందు లోపము రాలేదు. ఊదారంగు అల నీలముకంటె చిన్నది కదా, ఆకాశము ఊదాగ ఏల నుండదని శ్రోత యడుగును. సూర్యకాంతిలో ఊదాపాలు తక్కువ, మన కంటికి ఊదాపై చూపును తక్కువ యను సమాధానమును వక్త సిద్ధముగ నుంచుకొనవలెను. ఈ వ్యాసపు భాషలో మాత్రము ఎవ్వరును పాడ్‌కాస్టు చేయరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ ప్రశ్న నడుగువాడు ప్రసంగములోనే ఉన్నచో మఱింత ప్రయోజనము. ఆంగ్లమునందలి శాస్త్రపాడ్‌కాస్టులు పెక్కు ఇద్దఱు ముగ్గురి సంభాషణగ సాగుట కాకతాళీయము కాదు. తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. బుఱ్ఱకథలో కథకుని కిరుప్రక్కల వంతలు నిలుతురు. ఒకడు హాస్యము చెప్పును, మఱియొకడు రాజకీయము చెప్పును. కథకుడు గంభీరముగ పోవుచున్నప్పుడు “అంటే ఏమిటన్నా?” అని వంత అడుగుటచే సభకు ఊపిరి తీసికొనుటకు వ్యవధి లభించును, అర్థముకాని మాటకు అర్థము లభించును. శాస్త్రజ్ఞుని ప్రక్కన నిట్టి వంత యొకడు కూర్చున్నచో, ద్రావణి అను మాట వివరణము లేక దాటిపోదు. అయితే అడుగువాడు నిజముగ తెలియనివాడై యుండవలెను. తెలిసియు తెలియనట్లు నటించుచో శ్రోత వెంటనే పసికట్టును.

సంబోధనమునందును మార్పు అవసరమైనది. రేడియోలో “శ్రోతలారా” యన్నచో ఊరినంతను ఉద్దేశించినట్లుండెను. పంచాయతీ రేడియో యెదుట గుంపుగ కూర్చున్నవారికి అది తగియున్నది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని ఒంటరిగ వినువానికి అది దూరముగ తోచును; “మీరు” అని యొకరితో మాటలాడుచున్నట్లు చెప్పుట దీనికి తగినది. మాండలికము విషయమున ఇంత సులువుగ తీర్పు చెప్పవీలుకాదు. 2011 జనగణన ప్రకారము తెలుగు మాతృభాషగ గలవారు 8 కోట్ల 11 లక్షలకు పైబడియున్నారు; పాడ్‌కాస్టుకు రేడియోకేంద్రమువలె ప్రాంతపు హద్దు లేదు. పోషకాహారమును గూర్చి చెప్పు వక్త వేరుశనగ అనవలెనా, పల్లీలు అనవలెనా, చెనక్కాయలు అనవలెనా, బుడ్డలు అనవలెనా? హైదరాబాదులో వినువాడు, అనంతపురములో వినువాడు, బెంగుళూరులో స్థిరపడిన తెలుగువాడు ముగ్గురును ఒకే భాగమును విందురు. తన యింటి మాటను తాను వాడి, తక్కిన వానిని మొదట నొకమాఱు పేర్కొనుట నిజాయితీ గల పద్ధతి. అందఱికొఱకని యెవ్వరి యింటను లేని మాటను వాడుట అందఱికిని దూరమగుట.

ఇక తెలుగు శాఖలు చేయదగిన పని ప్రతిలేఖనము. క్రూక్స్ లేనిచో ఫారడే క్రొవ్వొత్తి ఆ సభతోనే ఆరిపోయియుండెడిది. నేకెడ్ సైంటిస్ట్స్ వారు తమ ప్రసంగముల పాఠమును అచ్చురూపమున కూడ అందించుచున్నారు; దానివలన వినికిడి లేనివారికిని, వెదకి చూచుకొనువారికిని మేలు కలుగుచున్నది. తెలుగు ప్రసంగములకు ఇట్టి పాఠములను సిద్ధపఱచునప్పుడు సంస్కరింపవలెనను తొందర పెద్ద విఘాతము. విద్యార్థి “అబ్జార్బ్ చేసుకుంటుంది” అను మాటను విని “శోషించుకొనును” అని వ్రాసినచో పాఠము శుద్ధమగును, సాక్ష్యము నశించును. వక్త పలికినది పలికినట్లు, సగములో ఆపి దిద్దుకొన్నది దిద్దుకొన్నట్లు, ఏ యూరివాడో, ఏ యేట పలికెనో తెలియునట్లు వ్రాసియుంచవలెను. అట్టి పాఠములు యంత్రములకు తెలుగు వినుట నేర్పువారికిని పనికివచ్చును. అచ్చుపుస్తకముల భాషను మాత్రమే నేర్చిన యంత్రము నోటిమాట యెదుట తడబడును.

ఆ పాఠములలో ముందుగ లెక్కింపదగినది “అంటే” అను చిన్న మాట. వక్త యే పదము తరువాత “అంటే” యని ఆగెనో ఆ పదము శ్రోతకు చేరదని ఆయనకే తోచినదన్నమాట. పదుగురు వక్తలు ఒకే పదము వెనుక “అంటే” యన్నచో ఆ పదమును పరిభాషాకోశకర్తలు మరల పరిశీలింపవలెను. ఒకడు ద్రావణి యని యొకమాఱు పలికి, “అంటే కరిగించుకునే నీళ్లు” అని చెప్పి, ఆ పిమ్మట ముప్పది నిమిషములు నీళ్లు అనుచునే ముగించినచో, ఆ ముప్పది నిమిషముల మాటను కూడ పదము ప్రక్కన కోశమున నెక్కింపవలెను.